యమమోతో వరుసగా రెండో రాత్రి బంతి పట్టాడు. మరి మిగతావాళ్లను 75 పిచ్‌లకే ఎందుకు దించేస్తున్నారు?

ఇర్వింగ్_గూగ్లీ | నవంబర్ 2
తెల్లవారుజాము మూడైంది, నిద్ర రావట్లేదు. 2025 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్, టొరంటో. శుక్రవారం 96 పిచ్‌లు (బ్యాటర్‌కి విసిరే బంతులు) వేసిన డాడ్జర్స్ పిచ్చర్ యమమోతో శనివారం తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మళ్లీ మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) ఎక్కాడు. స్కోరు 4-4, ఒకరు అవుట్, బేస్‌ల మీద ఇద్దరు. వచ్చీ రాగానే టొరంటో బ్యాటర్ కర్క్‌కి బంతి తగిలించి మూడు బేస్‌లూ నింపేశాడు. నేను సోఫాలోంచి లేచి టీవీ పక్కన నిలబడిపోయాను. అయినా మేనేజర్ డేవ్ రాబర్ట్స్ అతన్ని దించలేదు. వార్షో కొట్టిన బంతిని రోహాస్ తూలుతూనే హోమ్ ప్లేట్‌కి విసిరాడు, క్యాచర్ స్మిత్ కాలు ప్లేట్ మీద పడీ పడనట్టు పడింది. అక్కడ బతికారు. 11వ ఇన్నింగ్స్‌లో అదే స్మిత్ హోమ్ రన్, 5-4. యమమోతో 34 పిచ్‌లు వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు.

ఇది చూశాక 2020 గాయం మళ్లీ రేగింది. కోవిడ్ వల్ల ఆ ఏడాది వరల్డ్ సిరీస్ మొత్తం మా ఇంటికి 20 నిమిషాల దూరంలో, అర్లింగ్టన్‌లో జరిగింది. ఆరో మ్యాచ్, డాడ్జర్స్ మీద టాంపా 1-0 ముందుంది. టాంపా పిచ్చర్ బ్లేక్ స్నెల్ 73 పిచ్‌లు, 9 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో అవుట్లు), ఇచ్చినవి రెండే హిట్లు. డాడ్జర్స్ బ్యాటర్లు బెట్స్, సీగర్, టర్నర్ ముగ్గురూ తలో రెండుసార్లు వచ్చి ఆరుసార్లూ స్ట్రైకౌటే. అలాంటివాడి చేతిలోంచి టాంపా మేనేజర్ కెవిన్ క్యాష్ బంతి తీసేసుకున్నాడు. తర్వాత ఏమైందో అందరికీ తెలుసు, 3-1, కప్పు లాస్ ఏంజెలెస్‌కి పోయింది.

కళ్లెదురుగా కనిపిస్తున్నది వదిలేసి కాగితం మీద లెక్కను నమ్మడం ఏం పద్ధతి? ఎవరైనా సమాధానం చెప్పండి.

నంబర్ల_నాని | నవంబర్ 2
అన్నా, ఆ లెక్క గాల్లోంచి రాలేదు. ఒకే పిచ్చర్‌ని ఒకే రాత్రి మూడోసారి చూసే బ్యాటర్ బాగా కొడతాడు. బంతి చేతిలోంచి ఎలా వదులుతున్నాడు, కర్వ్ ఎక్కడ విరుగుతోంది అన్నది అప్పటికి వాడి కంటికి అలవాటైపోతుంది. దశాబ్దాల స్కోరు కార్డులు ఇదే చెబుతాయి. బెట్స్, సీగర్ మూడోసారి స్నెల్‌ని చూడకూడదనే దించానని క్యాష్ కూడా తర్వాత చెప్పాడు.

ఇంకోటి. నిన్న రాత్రి రాబర్ట్స్ కళ్లను నమ్మాడు అంటున్నావు. అదే రాబర్ట్స్ మ్యాచ్ మొదలుపెట్టిన పిచ్చర్ ఒహ్తానీని మూడో ఇన్నింగ్స్‌లోనే దించేశాడు. మొత్తం ఆరుగురితో వేయించాడు. మనకు గుర్తుండిపోయేది చివరివాడు మాత్రమే.

ఇర్వింగ్_గూగ్లీ | నవంబర్ 2
ఒహ్తానీ మూడు రోజుల విశ్రాంతితో వచ్చాడు, బిషెట్ మూడు పరుగుల హోమ్ రన్ బాదాడు. దించాల్సిందే. నేను దించడమే తప్పు అనలేదు. స్నెల్ బదులు ఎవర్ని తెచ్చారో చూడు. నిక్ ఆండర్సన్, అంతకుముందు వరుసగా ఆరు మ్యాచ్‌ల్లో పరుగులిచ్చి వచ్చినవాడు. స్నెల్ మూడోసారికి బలహీనపడతాడని లెక్క చెప్పింది సరే. వచ్చేవాడు ఇప్పటికే అలసిపోయి ఉన్నాడని ఎవరు చెప్పాలి?

నంబర్ల_నాని | నవంబర్ 2
ఆండర్సన్ విషయం ఒప్పుకుంటా.

ఎడిసన్_యాంకీ | నవంబర్ 2
కళ్లను నమ్మి కొంప ముంచుకున్నవాళ్లూ ఉన్నారు. 2003, అమెరికన్ లీగ్ ఫైనల్, ఏడో మ్యాచ్. బోస్టన్ 5-2 ముందుంది, ఎనిమిదో ఇన్నింగ్స్. వాళ్ల పిచ్చర్ పెద్రో మార్టినెజ్ అలసిపోయాడని మా అపార్ట్‌మెంట్‌లో టీ పెడుతున్నవాడికి కూడా తెలిసిపోయింది. బోస్టన్ మేనేజర్ గ్రేడీ లిటిల్ మౌండ్ దాకా వచ్చి, పెద్రోతో మాట్లాడి, అతన్నే ఉంచి వెనక్కి వెళ్లాడు. స్కోరు సమం. 11వ ఇన్నింగ్స్‌లో మా యాంకీస్ బ్యాటర్ ఆరన్ బూన్ మొదటి బంతికే హోమ్ రన్. మా రూమ్మేట్ విజయవాడ కుర్రాడు, బోస్టన్‌లో చదివొచ్చాడు. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు. లిటిల్ ఉద్యోగం కూడా పోయింది.

మియాపూర్_మిడాన్ | నవంబర్ 3
హైదరాబాద్ నుంచి. నిన్న ఉదయం ఐదున్నరకు లేచి ఈ మ్యాచ్ చూశాను, సాయంత్రం మన అమ్మాయిల వరల్డ్ కప్ ఫైనల్. కప్పు గెలిచిన జట్టులో మన కడప శ్రీచరణి ఉంది, కాలనీ అంతా అర్ధరాత్రి దాటాక టపాసులు కాల్చారు. జీవితంలో ఇలాంటి ఆదివారం మళ్లీ రాదు.

బేస్‌బాల్ నాకు కొత్త. ఒక సందేహం. మన సిరాజ్ ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడి 185కు పైగా ఓవర్లు వేశాడు. చివరి రోజు ఓవల్‌లో ఆఖరి వికెట్ యార్కర్‌తో తీశాడు, 6 పరుగులతో గెలిచాం. అతనికి లేని లెక్క వీళ్లకెందుకు? 100 బంతులంటే 17 ఓవర్లు కూడా కాదు కదా.

బుల్‌పెన్_బాబాయ్ | నవంబర్ 3
మంచి ప్రశ్న తమ్ముడూ. బౌలర్ పరుగెత్తుకుంటూ వస్తాడు, చెయ్యి చాపి తిప్పుతాడు. భారం నడుం మీద, మోకాలి మీద, చీలమండ మీద పడుతుంది. మన ఫాస్ట్ బౌలర్లకు వెన్నులో చీలికలు వచ్చేది అందుకే. పైగా ఆరు బంతులేసి ఫైన్ లెగ్‌లో నిలబడి ఊపిరి తీసుకుంటాడు. పిచ్చర్‌కి పరుగు లేదు. పది అంగుళాల మట్టి దిబ్బ మీద నిలబడి, ఒక్క అడుగు ముందుకేసి, ఒళ్లంతా మెలితిప్పి, మోచెయ్యి వంచి కొరడాలా విసరాలి. ప్రతి బంతికీ ఆ దెబ్బ మోచేతి లోపలి వైపు చిన్న లిగమెంట్ మీద పడుతుంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆ లిగమెంట్‌కి బదులు వేరే చోటి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) తీసి కట్టాడు, ఆ పిచ్చర్ పేరు టామీ జాన్. అప్పటినుంచి ఆపరేషన్‌కి అతని పేరే నిలిచింది.

ఇక గూగ్లీ ప్రశ్నకి. నేను శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ మనిషిని, కాబట్టి 2014 వరల్డ్ సిరీస్ చెప్పకుండా ఉండలేను. ఆదివారం ఐదో మ్యాచ్‌లో మాడిసన్ బమ్‌గార్నర్ 117 పిచ్‌లు వేసి మొత్తం మ్యాచ్ తనే ముగించాడు, కాన్సస్ సిటీకి సున్నా. బుధవారం ఏడో మ్యాచ్. మనం 3-2 ముందున్నాం. ఐదో ఇన్నింగ్స్‌లో బుల్‌పెన్ (మార్పు పిచ్చర్లు సిద్ధమయ్యే చోటు) తలుపు తెరుచుకుని వచ్చాడు. ఒక ఇన్నింగ్స్ వేసి వెళ్తాడనుకున్నా. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, దిగడే! ఆఖర్లో ఇద్దరు అవుటయ్యాక గోర్డన్ కొట్టిన బంతి ఫీల్డర్లు జారవిడిచి గోడ దాకా పోయింది, గోర్డన్ మూడో బేస్ చేరాడు. మా ఆవిడ దేవుడి గదిలోకి వెళ్లింది, నేను గరాజ్‌లోకి. పెరెజ్ పైకి లేపిన బంతి సాండోవాల్ చేతిలో పడ్డప్పుడు లోపల్నుంచి మా అబ్బాయి కేక విని తెలుసుకున్నా. 68 పిచ్‌లు, రెండు రోజుల విశ్రాంతితో.

ఆ భుజం పాడైపోతుందని అందరూ భయపెట్టారు. తర్వాతి రెండేళ్లూ 200 ఇన్నింగ్స్ దాటించాడు.

నంబర్ల_నాని | నవంబర్ 3
బాబాయ్, ఒక్క బమ్‌గార్నర్‌ని చూపించి విధానం రాయలేం. అందరి భుజాలూ అలాంటివి కావు.

బుల్‌పెన్_బాబాయ్ | నవంబర్ 3
విధానం రాయమనలేదు నాని. మనిషిని చూడమంటున్నా. అప్పటి జెయింట్స్ మేనేజర్ బోచీకి తన మనిషి తెలుసు. రాబర్ట్స్‌కీ తెలుసు. 18 ఇన్నింగ్స్ సాగిన మూడో మ్యాచ్‌లో కూడా యమమోతో తనంతట తనే బుల్‌పెన్‌కి వెళ్లి వార్మప్ చేశాడు. అంతకు రెండు రోజుల ముందే కదా పూర్తి మ్యాచ్ వేసింది. ఈ కుర్రాడు బరువులెత్తడు, జావెలిన్‌లాంటివి విసురుతూ ఒళ్లు తయారుచేసుకున్నాడు. అతని శరీరం సంగతి ఆ జట్టుకు తెలుసు కాబట్టే అడిగారు.

తెనాలి_టు_టాంపా | నవంబర్ 3
గూగ్లీ అన్నా, ఒకటి గమనించావా? మొన్న తొమ్మిదో ఇన్నింగ్స్‌లో యమమోతోకి బంతి అప్పగించి దిగింది ఎవరు? ఇప్పుడు డాడ్జర్స్‌లో ఉన్న బ్లేక్ స్నెల్. టాంపాలో ఉండి 2020 చూసినవాడిని, నాకైతే కళ్లు చెమర్చాయి. ఐదేళ్ల తర్వాత మళ్లీ చేతిలోంచి బంతి తీసుకున్నారు, ఈసారి కప్పు అతనికే వచ్చింది.

ఇర్వింగ్_గూగ్లీ | నవంబర్ 3
గమనించలేదు! అవును కదా.

ప్లేనో_నాన్న | నవంబర్ 4
ఈ చర్చ మూడు రోజులుగా చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటూ. "ఎందుకు దించుతున్నారు" అని మీరు అడుగుతున్నారు. మా ఇంట్లో దించనందుకు ఏమైందో చెబుతా.

మా వాడికి 12 ఏళ్లు. బాగా వేస్తాడు. లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) నియమం ప్రకారం ఆ వయసుకి రోజుకు 85 పిచ్‌లు దాటకూడదు, 66 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు పిచ్చింగ్ చెయ్యకూడదు. నియమం బాగానే ఉంది. కానీ వాడు రెండు జట్లకు ఆడుతున్నాడు. శనివారం ఒక జట్టుకు 70 దాకా వేశాడు. ఆదివారం ఇంకో జట్టు టోర్నమెంట్. కోచ్ నిన్న ఎన్ని వేశావని అడగలేదు, వాడు చెప్పలేదు. నేను ఫెన్స్ వెనక కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడుతున్నా. 50 పైనే వేశాడు. గెలిచాం. ట్రోఫీ పట్టుకుని ఫోటో దిగాం.

సోమవారం పొద్దున ఇడ్లీ ఎడమ చేత్తో తింటున్నాడు. వాళ్లమ్మ అడిగితే ఊరికే అన్నాడు. స్కూల్ బ్యాగ్ ఎడమ భుజానికి. సాయంత్రం ఆవకాయ సీసా మూత తియ్యమని ఇస్తే కుడి చేత్తో పట్టుకుని, ముఖం అదోలా పెట్టి, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. అప్పుడు అర్థమైంది. నొప్పి మొదలై రెండు వారాలైందట. చెబితే జట్టులోంచి తీసేస్తారని దాచాడు. ఎక్స్‌రే తీస్తే మోచేతి లోపల ఎదిగే ఎముక దగ్గర గ్యాప్ పెరిగింది. ఆరు వారాలు బంతి ముట్టుకోవద్దన్నారు, ఆ తర్వాత చూద్దామన్నారు.

వాడు ఏడ్చింది నొప్పికి కాదు, సీజన్ పోయినందుకు. నాకు ఆ ట్రోఫీ ఫోటో చూడాలనిపించట్లేదు.

ఫిజియో_ఫణి | నవంబర్ 4
నాన్నగారూ, రోజూ ఇలాంటి పిల్లల్ని చూస్తుంటాను. ముందు ఒక మాట: త్వరగా పట్టుకున్నారు, విశ్రాంతి ఇస్తే ఈ వయసులో ఎముక బాగానే కలుస్తుంది. పెద్దవాళ్లలో లిగమెంట్ తెగుతుంది. పిల్లల్లో లిగమెంట్ కంటే ఆ మెత్తటి ఎదుగుదల భాగమే బలహీనం, అందుకే అది ముందు లాగుడు పడుతుంది.

రెండు జట్లలో ఆడే పిల్లల విషయంలో ఏ కోచ్ దగ్గరా మొత్తం లెక్క ఉండదు. ఆ లెక్క ఇంట్లోనే ఉండాలి. నోట్‌బుక్కో, చేత్తో నొక్కి లెక్కపెట్టే క్లిక్కరో. బుల్‌పెన్‌లో వేసినవీ కలపాలి, వాటిని అందరూ మర్చిపోతారు. అలాగే పిచ్చింగ్ చేసి వచ్చినవాడిని వెంటనే క్యాచర్‌గా కూర్చోబెట్టకూడదు, అక్కడా విసరడమే పని.

ఇర్వింగ్_గూగ్లీ | నవంబర్ 4
చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా వాడికి పదేళ్లు, వసంతంలో మొదలుపెడుతున్నాడు. నేను అడిగింది కోట్ల జీతంతో, చుట్టూ డాక్టర్లతో ఉండే పెద్దవాళ్ల గురించి. పిల్లల విషయంలో మీరు చెప్పిందే ఖాయం. బాబుకి తొందరగా తగ్గాలి.

స్టేట్‌కాలేజ్_సుధ | నవంబర్ 9
విషయం కాస్త పక్కకు తీసుకెళ్తున్నా, కానీ ప్రశ్న అదే: ఎప్పుడు మార్చాలి, ఎవర్ని మార్చాలి. నిన్న కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి, మా పెన్ స్టేట్ వాళ్ల బీవర్ స్టేడియంలో ఉన్నాను. హారిస్‌బర్గ్ నుంచి పొద్దున్నే బయల్దేరి, పులిహోర డబ్బా కట్టుకుని, పాత క్లాస్‌మేట్లతో. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం. రెండో ర్యాంకు ఇండియానాని పట్టుకుని పెన్ స్టేట్ 24-20తో ముందుకొచ్చింది. రెండు నిమిషాలు కూడా లేవు. వాళ్ల దగ్గర టైమౌట్లు లేవు, 80 యార్డులు పోవాలి. మొదటి ఆటకే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) మెండోజాను కింద పడేశాం. నా పక్కావిడ నన్ను కౌగిలించుకుంది.

తర్వాత ఆ అబ్బాయి తొందరపడలేదు. అంత గోలలో లేచి, ప్యాంటు దులుపుకుని, చేతుల్తో సైగలు చేసి అందర్నీ నిలబెట్టాడు. ఒక పాస్, ఇంకో పాస్. చివరిది ఎండ్ జోన్ వెనక గీత దగ్గర ఒమర్ కూపర్ గాల్లో అందుకుని కాలి వేలు లోపల ఆనించాడు. మేం కూర్చున్నది అదే వైపు. ఆ బూటు కొన గడ్డిని గీరడం చూశాను. 27-24.

మా బాధంతా ఇక్కడుంది. సీజన్ ముందు మాది రెండో ర్యాంకు. ఒరెగాన్‌తో రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత ఓడాం, అప్పటిదాకా ఒక్కటీ గెలవని యూసీఎల్ఏతో ఓడాం, నార్త్‌వెస్టర్న్‌తో ఒక్క పాయింట్‌తో ఓడాం. ఆ మూడో మ్యాచ్‌లోనే మా క్వార్టర్‌బ్యాక్ డ్రూ అల్లార్ కాలికి దెబ్బ తగిలి సీజన్ ముగిసింది. మర్నాడే, అక్టోబర్ 12న, హెడ్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను తీసేశారు. 104 గెలుపులు, పోయిన జనవరిలో సెమీఫైనల్. ఇంట్లోంచి పంపడానికి దాదాపు 49 మిలియన్ డాలర్లు ఇవ్వాలి.

నంబర్ల_నాని | నవంబర్ 9
అక్కా, అదే మనిషి పది లోపు ర్యాంకు జట్ల మీద 4 గెలుపులు, 21 ఓటములు. పన్నెండేళ్లు ఆగారు. ఇది 73 పిచ్‌లకు దించడం కాదు, పెద్రోని ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఉంచడం.

స్టేట్‌కాలేజ్_సుధ | నవంబర్ 9
ఆ 4-21 నాకు కంఠతా వచ్చు నాని. తియ్యొద్దని అనట్లేదు. సీజన్ మధ్యలో, క్వార్టర్‌బ్యాక్ కాలు విరిగిన మర్నాడు తీశారు చూడు, అది గుచ్చుకుంది. "తీసెయ్యండి" అని స్టేడియంలో జనం అరుస్తుంటే ఆ 20 ఏళ్ల కుర్రాళ్లు హెల్మెట్లు పట్టుకుని నిలబడి వింటున్నారు.

బేటన్‌రూజ్_బుజ్జి | నవంబర్ 10
మా ఎల్ఎస్‌యూ కూడా అక్టోబర్ 26న కోచ్ బ్రయాన్ కెల్లీని పంపించేసింది. టెక్సస్ ఏ అండ్ ఎం మా ఇంటికొచ్చి 49-25 కొట్టి వెళ్లింది, మర్నాడు సాయంత్రానికి కబురు. అక్కడా 50 మిలియన్లు పైమాటే. ఫ్లోరిడా, ఆబర్న్, ఓక్లహోమా స్టేట్, ఈ ఏడాది వరస పెట్టి.

మియాపూర్_మిడాన్ | నవంబర్ 10
ఒక్క నిమిషం. కాలేజీ జట్టు కోచ్‌ని పంపించడానికి 400 కోట్ల రూపాయలు పైగానా? యూనివర్సిటీయే కదా?

బుల్‌పెన్_బాబాయ్ | నవంబర్ 10
అవును తమ్ముడూ. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం జింబో ఫిషర్‌ని పంపడానికి దాదాపు 76 మిలియన్లు ఒప్పుకుంది. పాత విద్యార్థుల విరాళాలు, టీవీ డబ్బు. ఇంకో జట్టు దగ్గర కొత్త ఉద్యోగం దొరికితే చాలా ఒప్పందాల్లో ఆ మేరకు తగ్గుతుంది.

ఫ్రిస్కో_ఫ్రైడే | నవంబర్ 11
కోచ్ మారితే కుర్రాడి బుర్రలో ఏం జరుగుతుందో నేను మా ఇంట్లో చూశాను. మా పెద్దబ్బాయి హైస్కూల్ క్వార్టర్‌బ్యాక్, ఇప్పుడు జూనియర్ (11వ తరగతి). మూడేళ్లలో ముగ్గురు అఫెన్స్ (దాడి) కోచ్‌లు. మొదటాయన దగ్గర పాస్ రూట్లన్నీ అంకెలు. రెండో ఆయన వచ్చి అన్నీ ఊళ్ల పేర్లు చేశాడు. మూడో ఆయన మాటలే లేకుండా సైడ్‌లైన్ నుంచి చేతి సైగలు. రిసీవర్ పది యార్డులు పరుగెత్తి లోపలికి తిరిగే ఒకే ఒక్క రూట్‌కి వాడి బుర్రలో మూడు పేర్లున్నాయి.

ఫ్రిజ్ మీద కార్డులు అతికించేవాళ్లం. నేను దోసె వేస్తూ పేరు చెబితే వాడు పళ్లెం దగ్గర కూర్చుని వేలితో గీసి చూపించేవాడు. ఒక శుక్రవారం, మూడో డౌన్, కోచ్ సైగ చేశాడు. వాడు రెండు సెకన్లు ఊరికే నిలబడ్డాడు. స్టాండ్స్‌లో నాకు తెలుసు వాడేం చేస్తున్నాడో: సైగని ఊరిగా, ఊరిని అంకెగా మార్చుకుంటున్నాడు. ఆ రెండు సెకన్లలో ఎడమ వైపు నుంచి వచ్చి కొట్టారు. అందరూ "నెమ్మదస్తుడు, నిర్ణయం తీసుకోలేడు" అన్నారు. తెలివితక్కువవాడు కాదు. ముగ్గురు మాస్టార్ల భాషలు ఒకేసారి మోస్తున్నాడు.

బుల్‌పెన్_బాబాయ్ | నవంబర్ 11
అమ్మా, నువ్వు చెప్పిందే క్వార్టర్‌బ్యాక్ ఆలెక్స్ స్మిత్ కథ. 2005లో మొత్తం డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ కుర్రాళ్లను వరుసగా ఎంచుకునే చోటు) మొదటివాడిగా మా శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌కి వచ్చాడు. అతనికి దొరికిన అఫెన్స్ కోఆర్డినేటర్లు (దాడి కోచ్‌లు): 2005లో మైక్ మెకార్తీ, 2006లో నార్వ్ టర్నర్, 2007లో జిమ్ హాస్ట్‌లర్, 2008లో మైక్ మార్ట్జ్, 2009లో జిమ్మీ రే. ఐదేళ్లకు ఐదుగురు, మధ్యలో భుజం ఆపరేషన్లు. మేమూ అరిచాం, అబద్ధం ఎందుకు చెప్పాలి. క్యాండిల్‌స్టిక్ స్టేడియంలో అతన్ని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

2011లో హెడ్ కోచ్‌గా జిమ్ హార్బా వచ్చాడు. అదే కుర్రాడు, అదే చెయ్యి, 13-3. న్యూ ఓర్లీన్స్‌తో ప్లేఆఫ్ మ్యాచ్ ఆఖరి సెకన్లలో వెర్నన్ డేవిస్‌కి వేసిన పాస్, 36-32. మర్నాటి ఏడాది తలకు దెబ్బ తగిలి కూర్చుంటే ఆ చోటు కేపర్నిక్‌కి పోయింది, మళ్లీ తిరిగి ఇవ్వలేదు. కాన్సస్ సిటీ వెళ్లాడు. 2017లో అక్కడికి పాట్రిక్ మహోమ్స్ వచ్చాడు. తన ఉద్యోగం తీసుకోవడానికే వచ్చాడని తెలిసీ, ఏడాదంతా వాడిని పక్కన కూర్చోబెట్టుకుని మ్యాచ్‌కి ఎలా సిద్ధం కావాలో చూపించాడు. 2018లో మహోమ్స్ 50 టచ్‌డౌన్ పాస్‌లు వేసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది స్మితే.

తెనాలి_టు_టాంపా | నవంబర్ 12
అందుకే కుర్రాళ్లను కూర్చోబెట్టాలి. రోజర్స్ మూడేళ్లు ఫార్వ్ వెనక, జోర్డన్ లవ్ మూడేళ్లు రోజర్స్ వెనక. గ్రీన్ బే ఎప్పుడూ తొందరపడదు.

నంబర్ల_నాని | నవంబర్ 12
కూర్చోవడం వల్లే అయితే బఫలో క్వార్టర్‌బ్యాక్ జోష్ ఆలెన్ సంగతేంటి? వ్యోమింగ్ నుంచి వచ్చాడు, పాస్‌లు ఎటు పోతాయో తెలియదన్నారు. మొదటి ఏడాది నుంచే ఆడించారు. సరిగ్గా చేరిన పాస్‌లు 52.8 శాతం, తర్వాత 58.8, మూడో ఏడాది 69.2. అంత ఎదుగుదల నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

ఫ్రిస్కో_ఫ్రైడే | నవంబర్ 12
ఆ మూడేళ్లూ కోఆర్డినేటర్ ఎవరు నాని?

నంబర్ల_నాని | నవంబర్ 12
బ్రయాన్ డాబోల్. 2018 నుంచి 2021 దాకా ఒక్కడే. హెడ్ కోచ్ కూడా ఒక్కడే.

...సరే అక్కా, మీరు ఎటు తీసుకెళ్తున్నారో అర్థమైంది. మూడో ఏడాది స్టెఫాన్ డిగ్స్ లాంటి రిసీవర్ కూడా వచ్చాడు, అదీ కలపాలి. కానీ నాలుగేళ్లు ఒకే భాష అన్నది నా లెక్కల్లో ఎక్కడా ఒక కాలమ్‌గా లేదు. ఉండాలి.

ఎడిసన్_యాంకీ | నవంబర్ 13
న్యూయార్క్ జెట్స్ అభిమానిగా ఒక్క మాట. క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నాల్డ్‌ని 21 ఏళ్లకే మొదటి మ్యాచ్ నుంచే ఆడించాం. రెండో ఏడాదికే కోచ్ మారాడు. పనికిరాడని మూడేళ్లకు పంపేశాం. 2024లో మిన్నెసోటాకి 14 మ్యాచ్‌లు గెలిపించాడు. నా దగ్గర ఇంకా ఆ పచ్చ జెర్సీ ఉంది, పారేయలేదు.

స్టేట్‌కాలేజ్_సుధ | నవంబర్ 18
ఫ్రాంక్లిన్ వర్జీనియా టెక్‌కి వెళ్లాడు. మేం ఇవ్వాల్సిన 49 కాస్తా 9 మిలియన్లకు తగ్గింది. లెక్క చూసేవాళ్లకు సంతోషం. మా దగ్గరికి వస్తామన్న హైస్కూల్ పిల్లలు ఒక్కొక్కరే ఆయన వెంట పోతున్నారు.

బేటన్‌రూజ్_బుజ్జి | నవంబర్ 30
లేన్ కిఫిన్ కోచ్‌గా మా ఎల్ఎస్‌యూకి వచ్చేస్తున్నాడు! ఊరంతా పండగ.

అట్లాంటా_అరుణ్ | నవంబర్ 30
మీకు పండగే అన్నా. నేను ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ)లో మాస్టర్స్ చేశాను, కిఫిన్ ఇప్పటిదాకా మా కోచ్. మా జట్టు 11-1, స్కూల్ చరిత్రలో మొదటిసారి ప్లేఆఫ్‌కి పోతోంది. పబ్లిక్ పరీక్షలకు ముందు వారం మాస్టారు పక్క స్కూల్లో చేరినట్టుంది. ప్లేఆఫ్‌లో కూడా నేనే కోచింగ్ చేస్తానని అడిగాడట, కుదరదన్నారు. అసిస్టెంట్ కోచ్ పీట్ గోల్డింగ్‌కి అప్పగించారు. నాకైతే కుదరదనడమే సరైనది అనిపిస్తోంది. మనసు ఇంకో ఊళ్లో ఉన్నవాడు మా పిల్లల్ని ఎందుకు నడిపించాలి?

బేటన్‌రూజ్_బుజ్జి | నవంబర్ 30
నీ బాధ అర్థమైంది అరుణ్. నేను నీ చోట ఉంటే ఇంకా గట్టిగా రాసేవాణ్ని. గోల్డింగ్‌తోనే గెలవండి.

స్టేట్‌కాలేజ్_సుధ | డిసెంబర్ 6
మాకు కొత్త కోచ్ మ్యాట్ కాంప్‌బెల్. పదేళ్లు ఒకే చోట, అయోవా స్టేట్‌లో ఉన్న మనిషి. బ్రాక్ పర్డీ నాలుగేళ్లు ఆడింది ఈయన దగ్గరే. 2022 డ్రాఫ్ట్‌లో చిట్టచివరి, 262వ ఎంపిక, రెండో సీజన్‌కే సూపర్ బౌల్‌లో ఆడాడు. బాబాయ్, మీ వాడే.

బుల్‌పెన్_బాబాయ్ | డిసెంబర్ 6
పర్డీని పంపినందుకు ఆయనకు నేను ఉత్తరం రాయాలి. నాలుగేళ్లు ఒకే కోచ్ దగ్గర నేర్చుకుని వచ్చిన కుర్రాడని మొదటి మ్యాచ్‌లోనే కనిపించింది. బంతి చేతికి రాగానే కళ్లు ఎటు వెళ్లాలో వాటికి తెలుసు.

నంబర్ల_నాని | డిసెంబర్ 14
హైస్మన్ (కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు) మెండోజాకే. అక్కా, మీ స్టేడియంలో మిమ్మల్ని ఏడిపించినవాడు. హైస్కూల్లో ఉన్నప్పుడు పెద్ద కాలేజీలు అంతగా పట్టించుకోని కుర్రాడు, కాలిఫోర్నియా నుంచి ఇండియానాకి మారాడు. మెండోజాకి కొత్త చోటైనా, హెడ్ కోచ్ సిగ్నెట్టి చుట్టూ ఉన్నది పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి వెంట తెచ్చుకున్న మనుషులే, కోఆర్డినేటర్ షానహాన్‌తో సహా. ఒహాయో స్టేట్‌ని 13-10తో కొట్టి 1967 తర్వాత మొదటి బిగ్ టెన్ లీగ్ టైటిల్ తెచ్చారు. హెడ్ కోచ్‌ని మార్చి బాగుపడిన జట్టు కూడా ఇదే కాబట్టి, తెనాలి అన్నా, మార్పే తప్పని ఎవరూ అనకండి.

స్టేట్‌కాలేజ్_సుధ | డిసెంబర్ 14
ఆ అబ్బాయికి రావడమే న్యాయం. ప్యాంటు దులుపుకుని లేచినప్పుడే నాకు తెలుసు.

ప్లేనో_నాన్న | డిసెంబర్ 14
అందరూ వేరే వేరే చోట్ల అడుగుతున్నారు, అందుకే ఇక్కడే రాస్తున్నా. ఆరు వారాలు దాటింది. కొత్త ఎక్స్‌రేలో ఎముక కలిసింది. నిన్న మొదటిసారి బంతి ఇచ్చాం. పార్క్‌లో 45 అడుగుల దూరం, మెల్లగా 25 త్రోలు. ఫణిగారు చెప్పినట్టు క్లిక్కర్ కొన్నాం, ఆ పని వాళ్ల చెల్లి తీసుకుంది. ప్రతి బంతికీ టిక్ మని నొక్కి గట్టిగా అంకె చెబుతోంది. 25 అయ్యాక వాడు ఇంకొక్కటి అన్నాడు. చెల్లి క్లిక్కర్ జేబులో పెట్టుకుని కారెక్కి కూర్చుంది.

రెండు జట్లలో ఒకటి మానేశాం. ఇంటికొచ్చాక ఆవకాయ సీసా మూత వాడే తీశాడు.

ఫిజియో_ఫణి | డిసెంబర్ 14
చాలా సంతోషం. ఈ వారం రోజు విడిచి రోజు, అంతే దూరం. మర్నాడు పొద్దున నొప్పి ఉందా అని అడగండి, ఆ సాయంత్రం కాదు.

ఇర్వింగ్_గూగ్లీ | డిసెంబర్ 15
నాన్నగారూ, ఆ క్లిక్కర్ ఎక్కడ కొన్నారు? మా వాడికి ఫిబ్రవరిలో మొదలవుతోంది.